కోనేటి దాకా నడక, నీళ్లతో లెక్క

హిమాలయాల్లో కొండమీద సరస్సంటే చాలాచోట్ల మంచు తొలిచిన గుంటే. నెల్లూరు, ప్రకాశం కొండల్లో ఆ వరస లేదు. ఇక్కడ ఎత్తున నీళ్లు నిలిచాయంటే అది రాతి నెర్రెల్లోంచి ఊరే దొన అయినా అయ్యుండాలి, మనుషులు తొలిచి మెట్లు కట్టిన కోనేరైనా అయ్యుండాలి. కంభం చెరువుది ఇంకో తీరు. కొండల మధ్య సందులో గుండ్లకమ్మకు అడ్డకట్ట వేసి ఆపిన నీళ్లవి. నీటిపారుదల, డ్రైనేజీల అంతర్జాతీయ కమిషన్ 2020లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చూడదగ్గదే, కానీ కట్టదాకా బండి పోతుంది. కాళ్లకు పని చెప్పి కోనేటి దాకా నడవాలంటే ఉదయగిరి దుర్గం ఎక్కాలి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి సుమారు వంద కిలోమీటర్లు. దుర్గం శిఖరం ఎత్తు 3,079 అడుగులని పాత గెజిటీర్ల లెక్క, అంటే దాదాపు 940 మీటర్లు. మొత్తం 13 కోటల్లో ఎనిమిది కొండమీద, ఐదు కింద. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి దీన్ని గెలుచుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేయాల్సొచ్చింది. అన్నాళ్లు పైనున్నవాళ్లు తలుపులు తీయలేదంటే గోడల బలం ఒక్కటే సరిపోదు. తాగడానికి నీళ్లుండాలి.

ఆ నీళ్లు పైన ఎలా నిలుస్తాయి? ఈ ఊరి పేరుమీదే భూగర్భ శాస్త్రజ్ఞులు 'ఉదయగిరి గ్రూపు' అని ఒక శిలా సముదాయానికి పేరు పెట్టారు. అందులో క్వార్ట్జైట్, దాంతోపాటు పొరలు పొరలుగా విడిపోయే షిస్టు రాళ్లు ఉంటాయి. క్వార్ట్జైట్ అంటే ఒకప్పటి ఇసుక. వేడికీ ఒత్తిడికీ రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడింది. దాని ఒంట్లోంచి నీళ్లు దిగవు, నెర్రెల్లోంచి దిగుతాయి. షిస్టు మాత్రం వానకూ ఎండకూ నాని, చివికి జిగట మట్టి అవుతుంది. ఇలాంటి కొండల్లో నెర్రెల వెంట దిగిన వాన ఆ జిగట పొర దగ్గర ఆగి, పక్కకు తిరిగి ఊటగా బయటపడుతుంది. ఊట తగిలినచోట తొలిస్తే దొన, దొనను పెంచి రాతికట్టు కడితే కోనేరు.

ఊట లేకపోయినా బండ చాలు. వంద చదరపు మీటర్ల వాలుబండ మీద పది సెంటీమీటర్ల వాన పడిందంటే పదివేల లీటర్లు. నవంబరు వాయుగుండం రోజుల్లో నెల్లూరు జిల్లాకు అది పెద్ద విశేషమేమీ కాదు. ఏడాది వానలో సగానికి పైగా ఇక్కడ అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. ఆ తర్వాత ఎండ పని మొదలెడుతుంది. జనవరి నుంచి మే దాకా 150 రోజులు, సగటున రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైనా 90 సెంటీమీటర్లు పోయినట్టే. మోకాలి లోతు దొన మార్చి, ఏప్రిల్‌కల్లా బురద. కోనేరు వెడల్పు కంటే లోతు మీద శ్రద్ధ పెట్టి కట్టడంలో ఉన్న తెలివి ఇదే: ఆవిరయ్యేది పైతలమే కదా.

కాబట్టి వెళ్లాల్సింది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యదాకా. అప్పుడు కోనేరు నిండుగా ఉంటుంది. అది చూసే చాలామంది చేసే తప్పు ఒకటుంది: పైన నీళ్లున్నాయి కదా అని అరలీటరు సీసాతో బయల్దేరడం.

60 కిలోల మనిషి 5 కిలోల సంచితో 500 మీటర్లు పైకెక్కితే, బరువును ఎత్తడానికి అయ్యే పని 76 కిలోకేలరీలే. కానీ కండరం తాను ఖర్చుపెట్టే శక్తిలో పాతిక శాతం మించి పనిగా మార్చలేదు. అంటే ఒళ్లు మూడు వందల పైచిలుకు కిలోకేలరీలు ఖర్చుచేస్తుంది. అందులో ముప్పాతిక వంతు, అంటే 230 లేదా అంతకు మించి, వేడిగా మారుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే ఒక్క ఎక్కడానికే దాదాపు అరలీటరు చెమట. దీనికి నెత్తిమీది ఎండ, కాళ్లకింది బండ వేడి, నడిచే దూరం కలపండి. పైగా కోస్తా గాలిలో తేమ ఎక్కువ. నేలమీద కారిపోయిన చెమట వల్ల ఒళ్లు చల్లబడదు, ఆవిరైనదే లెక్క. గాలి వేడి 35 డిగ్రీలు దాటితే చర్మానికీ గాలికీ తేడా ఉండదు, ఇక చెమట తప్ప వేరే దారి లేదు.

అందుకని చలికాలంలోనైనా మనిషికి 3 లీటర్లు, ఫిబ్రవరి దాటితే 4. బరువే, నిజమే. అయినా మోయాలి. దాహం వేసేదాకా ఆగకుండా పదిహేను, ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగుతూ పోవాలి. లీటరు చెమటలో రెండు గ్రాములకు అటూ ఇటూ ఉప్పు పోతుంది. ఉత్త నీళ్లే తెగ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. అవి చూసి ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకుంటే ఈ గొడవ లేదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు అర టీచెంచా ఉప్పు, ఆరు టీచెంచాల చక్కెర, రెండూ తలకొట్టి. తినడానికి పులిహోర మేలు. చింతపండు పులుపుకు మధ్యాహ్నం దాకా చెడదు. పల్లీచిక్కీ నడుస్తూ నమలొచ్చు.

వేళ సంగతి. 1892లో స్కాట్లండ్ కొండలెక్కే నైస్మిత్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. రానూపోనూ 8 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు అనుకుంటే రెండున్నర గంటలు తేలుతుంది. ఇది చదునైన బాటకు, గట్టి కాళ్లకు. చెదిరిన మెట్లు, ముళ్లకంప, జారే రాళ్లు ఉన్న దారికి సగం కలపండి, అలసట తీరడానికీ కోనేటి దగ్గర కూర్చోడానికీ గంటన్నర కలపండి. ఐదు గంటలు దాటుతుంది. డిసెంబరు చివర ఇక్కడ పొద్దు గుంకేది ఆరుకు పది నిమిషాల ముందు. తూర్పువాలున దిగేవాళ్లకు కొండ నీడ ఇంకా ముందే కమ్ముతుంది. ఏడింటికల్లా ఎక్కడం మొదలెట్టాలి, ఎక్కడున్నా ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. ఇది అటవీ ప్రాంతం గనుక ముందురోజే స్థానిక అటవీ కార్యాలయంలో అడగడం, దారి తెలిసిన ఊరిమనిషిని వెంట తీసుకోవడం అవసరం.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు కానీ తొడలు పడతాయి. అడుగడుగునా తొడకండరం సాగుతూనే బరువును ఆపుతుంది. అలా సాగుతూ పనిచేసినప్పుడే నారల్లో సన్నటి చిరుగులు పడతాయి. అందుకే నొప్పి ఆరోజు కాక రెండోరోజు తెలుస్తుంది. చిన్న అడుగులు, కాస్త వంచిన మోకాళ్లు, చేతిలో కర్ర. ఇంతకు మించిన ఉపాయం లేదు.

కోనేటి దగ్గర అసలు ప్రమాదం మెట్లే. నీటి గీతకు పైన రాయి గరుకుగా, పొడిగా ఉంటుంది. గీతకు జానెడు కింద అదే రాయిమీద ఆకుపచ్చ పాచి. పాచిలోని సూక్ష్మజీవులు చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి, చెప్పు అడుగుకూ రాయికీ మధ్య అది చేరితే పట్టు దొరకదు. చెరువులా మెల్లగా లోతవడం ఇక్కడ ఉండదు, మెట్టు తప్పితే నేరుగా లోతే. కాళ్లు కడగాలనిపిస్తే పొడిమెట్టు మీద కూర్చుని చెంబుతో ముంచుకోవాలి. ఈత వద్దు. పదిమీటర్ల తాడు సంచిలో ఉంటే ఎవరైనా పడినప్పుడు వెంట దూకకుండా విసరొచ్చు.

తాగే నీళ్లు అయిపోయి కోనేటి నీళ్లే దిక్కైతే ముందు రంగు చూడండి. రంగు ఒలకబోసినట్టు ఆకుపచ్చ తెట్టు ఉంటే ముట్టుకోవద్దు. అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల తెట్టు కావచ్చు, దాని విషం మరిగించినా పోదు. తేటగా ఉంటే నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, తెర్లే దశకు వచ్చాక ఒక నిమిషం మరిగించాలి. క్లోరిన్ బిళ్లయితే ప్యాకెట్ మీది మోతాదు వేసి అరగంట ఆగాలి. మడ్డి నీళ్లలో బిళ్ల సరిగా పనిచేయదు, క్లోరిన్ అంతా మట్టి, ఆకుకుళ్లు మీదే ఖర్చైపోతుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుగుకు దిగే మాట నిజం, క్రిములన్నీ చస్తాయనుకోవడం మాత్రం నిజం కాదు.

కొండచరియ కింద వేలాడే పెద్ద తేనెపట్టు కనబడితే పొగ, అత్తరు, అరుపులు లేకుండా దాటిపోవాలి. ఒక ఈగ కుట్టగానే వెలువడే హెచ్చరిక వాసనలో ముఖ్యమైనది ఐసోఅమైల్ అసిటేట్. అరటిపండు వాసనలో ఉండేదీ అదే. ఆ వాసనకు మిగతావి ఎగబడతాయి. ముఖం కప్పుకుని వందల మీటర్లు పరుగెత్తడమే దారి. నీళ్లలో మునిగితే పైకి లేచేదాకా అవి పైనే తిరుగుతాయి.

రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకపోతే పాము భయం చాలావరకు తీరినట్టే. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. కాలు కదలనీయకుండా ఆసుపత్రికి మోసుకుపోవాలి.

చాలామందికి తట్టనిది పొదల్లోని నల్లి పిల్లలు, మంచాల్లో ఉండే నల్లులు కావివి, చిగ్గర్లంటారు. కంటికి ఆనవు. వానల తర్వాత చల్లటి నెలల్లో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వచ్చేది వీటి కాటు వల్లే. పొడవు ప్యాంటు, సాక్సు వేసుకుని, ఇంటికొచ్చాక సబ్బుతో స్నానం చేసి ఆ బట్టలు ఉతికేయాలి. వారం, పదిరోజుల తర్వాత జ్వరమొస్తే చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ దగ్గర నల్లటి పొక్కు ఉందేమో వెతకండి. కొండకు వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో నయమయ్యే జబ్బే, ఆ ఒక్క మాట చెప్పక మామూలు జ్వరం మందులతో రోజులు గడిపితేనే ముదురుతుంది.