కోకో సైగ, ప్యాటర్సన్ తాత్పర్యం

గొరిల్లాలు చనిపోయాక ఎక్కడికి వెళ్తాయి? కాలిఫోర్నియాలో కోకో అనే ఆడ గొరిల్లాను దాని సంరక్షకురాలు ఒకరు సైగల భాషలో ఈ ప్రశ్న అడిగారు. కోకో మూడు సైగలు చేసింది: సుఖం, గొయ్యి, వెళ్లొస్తా. కోకోను పెంచిన పరిశోధకురాలు ఫ్రాన్సీన్ ప్యాటర్సన్ ఈ సంభాషణను ప్రచురించారు. గొరిల్లాకు చావంటే తెలుసనీ, చావు తర్వాత ఏదో ప్రశాంతత ఉందన్న విశ్వాసం కూడా దానికి ఉందనీ అప్పటినుంచి చాలామంది చెబుతూ వచ్చారు.

తెలుగు వాచకంలో పద్యం కింద ముందు ప్రతిపదార్థం ఉంటుంది, ఆ తర్వాతే తాత్పర్యం. ఈ మూడు సైగల విషయంలో లోకానికి అందింది తాత్పర్యం మాత్రమే. ప్రతిపదార్థం రాయాలంటే కొన్ని సంగతులు తెలియాలి. అదే ప్రశ్న మొత్తం ఎన్నిసార్లు అడిగారు? మిగతాసార్లు కోకో ఏం చేసింది? మామూలు రోజుల్లో ‘గొయ్యి’ సైగను దేనికి వాడేది? ఎదురుగా ఉన్న మనిషి చేతులు అప్పుడు ఏం చేస్తున్నాయి? కోకో రోజువారీ రికార్డులు పూర్తిగా బయటి పరిశోధకుల చేతికి రాలేదు కాబట్టి ఈ ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయి.

కోకో 1971 జులై 4న శాన్ ఫ్రాన్సిస్కో జంతుప్రదర్శనశాలలో పుట్టింది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న ప్యాటర్సన్ 1972లో దానికి సైగలు నేర్పడం మొదలుపెట్టి, 2018 జూన్‌లో అది చనిపోయేదాకా దానితోనే ఉన్నారు. ఇంత అనుబంధం శాస్త్రానికి అడ్డు అని విమర్శకులు తేలిగ్గా అంటారు. ఆ మాట సగమే నిజం. అనుబంధం లేకపోతే ఈ ప్రయోగం మొదలే కాదు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి వేళ్లు ఎలా వంచాలో చూపిస్తే వానరం పట్టించుకోదు, లేదా కరుస్తుంది.

నేర్పే పద్ధతిలోనే ఈ సంగతి కనిపిస్తుంది. నెవాడా రాష్ట్రంలోని రీనోలో అలెన్, బియాట్రిక్స్ గార్డనర్ అనే పరిశోధక దంపతులు 1966లో వాషూ అనే ఆడ చింపాంజీ పిల్లను తెచ్చారు. అప్పటికి దాని వయసు సుమారు 10 నెలలు. ఇంటి పెరట్లో ఒక ట్రైలర్‌లో పెంచారు. దాని ముందు మనుషులెవరూ నోటితో మాట్లాడకూడదు, అన్నీ అమెరికన్ సైగ భాషలోనే. మనం చేసింది చూసి అదే చేస్తుందని మొదట ఆశించారు కానీ, అలా వచ్చినవి తక్కువే. దాని చేతులు పట్టుకుని, వేళ్లను సైగ ఆకారంలోకి వంచి, వస్తువు చూపించి, మెల్లగా పట్టు సడలిస్తూ పోవడం ఎక్కువ ఫలించింది. వాషూకి అన్నిటికన్నా ఇష్టమైన బహుమతి చక్కిలిగింతలు. ‘ఇంకా’ అనే సైగను అలా ఆడుకుంటూనే నేర్చుకుంది. మొదటి 7 నెలల్లో వచ్చినవి 4 సైగలు, తర్వాతి 7 నెలల్లో 9, ఆపై 7 నెలల్లో 21.

లెక్క కట్టడానికి గార్డనర్లు పెట్టుకున్న నియమం గట్టిది. ఎవరూ అడిగి చేయించకుండా, సందర్భానికి తగినట్టు వాషూ ఆ సైగ చేసినట్టు ముగ్గురు పరిశీలకులు విడివిడిగా రాయాలి. ఆపైన వరసగా 15 రోజులు, రోజుకు కనీసం ఒక్కసారైనా అది అలాగే కనిపించాలి. ఒక్కరోజు తప్పినా లెక్క మళ్లీ మొదటికి. ఈ జల్లెడలోంచి 22 నెలలకు 30 సైగలు, 51 నెలలకు 132 సైగలు నిలిచాయి.

ఆ జల్లెడకూ ఒక చిల్లు ఉంది. ముగ్గురు పరిశీలకులూ వాషూను ముద్దు చేసేవాళ్లే, ముగ్గురూ సైగ కోసం ఎదురుచూసేవాళ్లే. పుట్టుకతోనే సైగల భాషలో పెరిగిన బధిర పరిశీలకుడు ఒకరు ఆ బృందంలో పనిచేశారు. వినికిడి ఉన్నవాళ్ల చిట్టాల్లో పొడవాటి జాబితాలుంటే తన చిట్టాలో చాలా తక్కువ ఉండేవనీ, అందుకు మాటలు పడాల్సి వచ్చేదనీ ఆయన తర్వాత చెప్పారు. వేలు నోటి దగ్గరికి వెళ్తే ‘తాగడం’ అనీ, వస్తువు కోసం చెయ్యి చాపితే ‘ఇవ్వు’ అనీ వాళ్లు రాసుకునేవారట. చింపాంజీలు అడవిలోనూ చెయ్యి చాపుతాయి, దానికి ఏ బడీ అక్కర్లేదు. అక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. ప్రేమ ఉన్న కన్ను ఖాళీలు పూరించుకుంటుంది, అంతే.

ఈ చిక్కు గార్డనర్లకూ తెలుసు. అందుకే ఇంకో పరీక్ష కట్టారు. వాషూకి మాత్రమే కనిపించేలా ఒక స్లైడు వెలుగుతుంది. ఒక పరిశీలకుడికి వాషూ చేతులు కనిపిస్తాయి కానీ స్లైడు కనిపించదు. చూసిన సైగ రాసుకోవడమే అతని పని. ఇంకో పరిశీలకుడు మరో చోటి నుంచి విడిగా రాస్తాడు. ఒకే బొమ్మను గుర్తుపెట్టుకుని నెట్టుకురాకుండా, కుక్క అంటే ప్రతిసారీ వేరే కుక్క ఫొటో. అన్నీ కరెక్ట్ కాలేదు కానీ తప్పులు కూడా ఒక తీరులో వచ్చాయి: దువ్వెన చూపిస్తే బ్రష్, ఒక జంతువు చూపిస్తే మరో జంతువు. ఊరికే చేతులాడిస్తే తప్పులు అలా ఒక గుంపులో పడవు. వాషూ వస్తువులకు పేర్లు పెట్టగలదన్న సంగతి నిలబడింది ఈ పరీక్ష వల్ల, దాన్ని ప్రేమించినవాళ్ల సాక్ష్యం వల్ల కాదు.

వాక్యం సంగతి వేరు. కొలంబియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ టెరస్ 1973లో పుట్టిన నిమ్ అనే చింపాంజీతో ప్రయోగం మొదలుపెట్టారు. నిమ్ 125 సైగలు నేర్చాడు. రెండేసి, మూడేసి సైగల గుత్తులు వేలల్లో నమోదయ్యాయి. అది వాక్య నిర్మాణమేనని టెరస్ మొదట నమ్మారు. ప్రాజెక్టు ఆగాక వీడియో టేపులను ఫ్రేము ఫ్రేముగా చూస్తుంటే నిమ్ చేతులతో పాటు గురువు చేతులూ కనిపించాయి. నిమ్ సైగల్లో సుమారు 40 శాతం గురువు అప్పుడే చేసిన సైగకు నకళ్లు. ఎవరూ కదిలించకుండా తనంతట తాను మొదలుపెట్టినవి 12 శాతం. పిల్లలు పెరిగేకొద్దీ వాక్యం పొడవు పెరుగుతుంది, నిమ్‌కి పెరగలేదు. అతని అతిపొడవైన గుత్తిలో 16 సైగలున్నాయి కానీ అందులో ఉన్నదంతా నారింజ, ఇవ్వు, నేను, తిను, నువ్వు అనే అయిదే, మళ్లీ మళ్లీ. 1979లో సైన్స్ పత్రికలో టెరస్ తన ప్రయోగాన్ని తానే కొట్టేశారు. ఆ తర్వాత ఈ రంగానికి నిధులు రావడం కష్టమైపోయింది.

టెరస్ నిజాయితీని మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. నిమ్‌కి పాఠాలు చెప్పినవాళ్లు సుమారు 60 మంది. మనుషులు మారిపోతూ ఉంటే, చిన్న గదిలో కూర్చోబెట్టి ‘ఇదేంటి, అదేంటి’ అని అడుగుతూ ఉంటే నకలు కొట్టడం తప్ప ఏం వస్తుంది? తర్వాత ఓక్లహోమాలో నిమ్‌నే పరీక్షిస్తే పాఠం లాంటి సందర్భంలో కన్నా కబుర్ల సందర్భంలో తనంతట తాను చేసిన సైగలు బాగా పెరిగాయి. అప్పుడు కూడా వ్యాకరణం రాలేదు. సంభాషణ మాత్రం మెరుగైంది.

కోకో దగ్గర, వాషూకి పెట్టిన స్లైడు పరీక్ష లాంటి వాటి కన్నా వ్యాఖ్యానానికే చోటు ఎక్కువ దక్కింది. కోకోకు వెయ్యి సైగలు వచ్చునని ప్యాటర్సన్ సంస్థ గొరిల్లా ఫౌండేషన్ చెప్పేది. 1998లో ఇంటర్నెట్‌లో జరిగిన ప్రత్యక్ష సంభాషణలో జనం గురించి మాట్లాడుతుండగా కోకో ‘చనుమొన’ సైగ చేసింది. ఇంగ్లిష్‌లో ‘నిపుల్’కీ ‘పీపుల్’కీ ప్రాస కుదురుతుంది కాబట్టి అది జనం అనబోయిందని ప్యాటర్సన్ వివరించారు. సరిపోయిన సైగ తెలివి, సరిపోనిది ప్రాస లేదా పరాచికం అయితే ఇక తప్పు అనేదే ఉండదు. తప్పు అయ్యే వీలు లేని చోట ఒప్పుకీ విలువ ఉండదు. గొయ్యి గురించిన జవాబును మతవిశ్వాసంగా చదవడంలో ఉన్న లోపం ఇదే. గొరిల్లాకు చావు గురించి ఏమీ తెలియదని ఎవరూ నిరూపించలేదు. ఆ మూడు సైగలు దేన్ని నిరూపిస్తాయో తేల్చే మార్గమే లేదు.

అదే కోకో విషయంలో మార్గం ఉన్న సందర్భమూ ఒకటుంది. 2004లో అది నోటి దగ్గర నొప్పి ఉన్నట్టు సైగ చేయసాగింది. సంరక్షకులు 1 నుంచి 10 వరకు అంకెలు వేసిన పట్టిక తయారుచేసి ఎంత నొప్పి అని అడిగారు. కోకో 9, 10 చూపించడం మొదలుపెట్టాక వైద్యులను పిలిపించారు. మత్తు ఇచ్చి నోరు తెరిచి చూసి, పాడైన పన్ను పీకేశారు.