ఎపాక్సీ అంటే ట్యాంకు పని కాదు: ఇంట్లో పడవ కట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫైబర్ పని అంటే ఎక్కువగా నీళ్ల ట్యాంకులు, షెడ్డు రేకులు, బొమ్మలు. రేణిగుంట రోడ్డులో నేనూ ఆ పనే నేర్చుకున్నాను. నాలుగేళ్ల కిందట మా బావమరిది 12 అడుగుల ప్లైవుడ్ పడవ కడతానంటే ఫైబర్ పని నేను చూసుకుంటానని ఒప్పుకున్నాను. ట్యాంకు పనికి అలవాటు పడిన చెయ్యి ఆ పడవ మీద చాలా తప్పులు చేసింది.

తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్‌లో కనిపించే ఫైబర్ పడవలు మామూలుగా అచ్చులో చేసినవి, పాలిస్టర్ రెసిన్ (గాజు పీచును పట్టి గట్టిపడే ద్రవం) వాడినవి. ఇంటి వెనక ఒక్క పడవ కట్టుకునేవాళ్ల దగ్గర అచ్చు ఉండదు. ప్లైవుడ్ పలకలు కోసి, రాగి తీగతో కుట్టి, కీళ్లను ఎపాక్సీ (హార్డనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే ఇంకో రకం రెసిన్) ముద్దతో నింపి, పైన గ్లాస్ క్లాత్, అంటే గాజు పీచు నేత గుడ్డ పరుస్తారు. రెండూ ఫైబరే కదా అని ఒకే తీరుగా చేయబోతేనే చిక్కు.

అపోహ: హార్డనర్ కొంచెం ఎక్కువ పోస్తే తొందరగా సెట్ అవుతుంది.

అందరికంటే ముందు ఈ తప్పు చేసింది నేనే. పాలిస్టర్‌లో కెటలిస్ట్ నూటికి ఒకటి, రెండు పాళ్లు పోస్తాం. అది రెసిన్ గట్టిపడటాన్ని మొదలుపెట్టిస్తుంది అంతే, కాబట్టి వేడిని బట్టి ఆ హద్దుల్లో కాస్త అటూ ఇటూ చేసుకోవచ్చు. ఎపాక్సీలో హార్డనర్ అలా కాదు. రెసిన్‌తో జతకట్టి అది కూడా ఆ గట్టి పదార్థంలో భాగమవుతుంది. ఎక్కువైతే జత దొరకని హార్డనర్, తక్కువైతే జత దొరకని రెసిన్ లోపలే మిగిలిపోతుంది. ఎన్ని రోజులు ఎండబెట్టినా అది బాగుపడదు.

మొదటి రోజు నాతో ఉన్న కుర్రోడు, ‘ఇంకో మూత పోద్దామన్నా, పొద్దుగూకే లోపల సెట్టయిపోవల్ల’ అన్నాడు. నాకూ సరేననిపించింది. మర్నాడు పొద్దున గోరు పెడితే గుంట పడింది. వారం ఆగినా అంతే. హీట్ గన్ పెట్టి, ఉలితో గీకి, రెండు రోజులు కష్టపడి ఆ పూతంతా తీశాం.

మన దగ్గర ఎక్కువగా దొరికే ఎల్‌వై 556 రెసిన్‌కు హెచ్‌వై 951 హార్డనర్, లాపాక్స్ ఎల్-12కు కె-6, ఈ రెండు జతల్లోనూ మామూలు లెక్క బరువులో 100కు 10. ఇది తూకం లెక్క, మూతల లెక్క కాదు. రెండు ద్రవాల బరువూ ఒకటి కాదు కాబట్టి కప్పులతో కొలిస్తే తేడా వస్తుంది. హార్డనర్ 30 గ్రాములు పోయాల్సిన చోట 5 గ్రాములు అటూ ఇటూ అయితే ఆరో వంతు తప్పినట్టే. డిజిటల్ తూకం లేకుండా డబ్బా మూత తీయకండి. వేరే కంపెనీ సరుకైతే డబ్బా మీద ఉన్న లెక్కే మీ లెక్క. కలపడం కూడా తొందరపడే పని కాదు. అంచులు, అడుగు గీకుతూ రెండు, మూడు నిమిషాలు నిదానంగా కలపాలి.

అపోహ: మగ్గు నిండా ఒకేసారి కలుపుకుంటే పని ఆగదు.

ఆగదు సరే, మగ్గు పొగలు కక్కుతుంది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. లోతైన మగ్గులో ఆ వేడి బయటికి పోలేక గట్టిపడటం ఇంకా వేగంగా జరిగి, ఇంకా వేడి పుడుతుంది. కలిపాక గట్టిపడే లోపు వాడుకోవడానికి డబ్బా మీద రాసే టైము సాధారణంగా 25 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో మన ఊళ్లో 40 దాటుతుంది. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు వేగం రెట్టింపు అవుతుందని గుర్తు పెట్టుకుంటే, మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద మీకు మిగిలే టైము ఎంతో మీకే అర్థమవుతుంది. నేను 200 గ్రాముల రెసిన్‌కు మించి కలపను. అంతకంటే బాగా తగ్గిస్తే మామూలు వంటింటి తూకం మీద హార్డనర్ సరిగ్గా తూగదు. కలపగానే వెడల్పాటి ట్రేలో పల్చగా పోసేస్తాను.

వేళ కూడా ముఖ్యం. పొద్దున చల్లగా ఉందని మొదలుపెడితే, ఎండెక్కే కొద్దీ చెక్కలో గాలి వేడెక్కి బయటికి తోసుకొస్తుంది. పూతంతా బుడగలే. సాయంత్రం నాలుగు దాటి, చెక్క చల్లబడుతున్నప్పుడు వేస్తే ఆ గాలి కుంచించుకుని రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది.

అపోహ: ట్యాంకుకు వాడే మ్యాట్ మిగిలింది, అదే వేసేయొచ్చు.

మామూలు మ్యాట్ అంటే చాపలా అతికించిన గాజు పీచు ముక్కలు. అందులో పీచును పట్టి ఉంచే జిగురు, పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి కరిగేలా చేసింది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. అందుకే మ్యాట్ మెత్తబడదు, వంపులో కూర్చోదు, రెసిన్ మాత్రం విపరీతంగా తాగుతుంది. చిన్న పడవకు చదరపు మీటరుకు 200 గ్రాముల నేత గుడ్డ చాలు. గుడ్డ పదునైన అంచు మీద నిలవదు, లేస్తుంది. ముందే అంచులను గుండ్రంగా అరగదీయండి.

రెసిన్ ఎక్కువ పోస్తే బలం అనేది దీనికి తోబుట్టువు లాంటి అపోహ. బలం గాజు పీచుది. గుడ్డ పారదర్శకమై, నేత ఇంకా కంటికి కనబడుతుంటే అక్కడితో సరి. మెరుస్తూ గుడ్డ తేలుతుంటే రబ్బరు పలకతో అదనపు రెసిన్ లాగేయాలి. నేత గుంటలు తర్వాతి పూతల్లో నిండుతాయి. పల్చబడుతుందని థిన్నర్ మాత్రం కలపకండి, బలం పోతుంది.

అపోహ: పైన ఫైబర్ ఉంది కదా, లోపల ఏ ప్లైవుడ్ అయినా ఒకటే.

కాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ కొనండి. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రం నుంచి నీళ్లు దిగితే, నాసిరకం చెక్క ఫైబర్ లోపలే కుళ్లుతుంది, బయటికి తెలియదు. కోసిన అంచులు నీళ్లు ఎక్కువ తాగుతాయి కాబట్టి వాటికి రెండు, మూడు సార్లు ఎపాక్సీ పట్టించాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. గట్టిపడిన ఎపాక్సీ మీద సబ్బు రాసినట్టు జిడ్డు పొర తేలుతుంది. థిన్నర్‌తో తుడిస్తే పోతుందంటారు, పోదు. మంచినీళ్లతో, పాత్రలు తోమే పచ్చ పీచుతో రుద్ది కడిగితే పోతుంది. కడిగి ఆరాకే ఎమరీ పేపర్ పట్టండి. ముందే రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి తర్వాతి పూత ఊడుతుంది.

రెసిన్ డబ్బాలో తేనెలా గడ్డకట్టిందని పారేయనక్కర్లేదు. వేడినీళ్లలో డబ్బా ఉంచితే మళ్లీ కరుగుతుంది. ఎపాక్సీకి పెయింట్ అక్కర్లేదనే మాట కూడా నమ్మకండి. మన ఎండకు అది పసుపెక్కి, పొడిబారుతుంది.

చివరగా, వాసన లేదు కాబట్టి హాని లేదు అనే అపోహ. నా మనసులో ఎక్కువ బాధ దీని గురించే. పాలిస్టర్ ఘాటు వాసనతో మనల్ని దూరం పెడుతుంది. ఎపాక్సీకి ఆ ఘాటు ఉండదు, అందుకే వట్టి చేతులతో చేసేస్తాం. రెండు నెలలు అలా చేశాక నా మణికట్ల మీద దద్దుర్లు లేచాయి, కనురెప్పలు వాచాయి. ఈ అలర్జీ ఒకసారి వస్తే మళ్లీ పోదని, కొంచెం తగిలినా తిరగబెడుతుందని డాక్టరు చెప్పారు. నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చర్మానికి అంటితే సబ్బునీళ్లే వాడండి. థిన్నర్ దాన్ని చర్మం లోపలికి తీసుకెళ్తుంది. పూర్తిగా గట్టిపడని పూతను రుద్దితే వచ్చే దుమ్ము కూడా అంతే చెడ్డది, కాబట్టి వారం ఆగి, మాస్కు పెట్టుకుని రుద్దండి. ఇప్పుడు మా షెడ్డులో ఎపాక్సీ కలిపేది మా తమ్ముడు. నేను పక్కన గ్లౌజులు వేసుకుని నిలబడి తూకం చదువుతాను.