ధవళేశ్వరం పక్కన రెండు చుక్కలు

అమలాపురం

చిరంజీవులిద్దరికీ ఆశీస్సులు.

మీ బడి లైబ్రరీ పుస్తకాల జాబితాకు మీరే సెర్చ్ తయారు చేస్తున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తోనట. నేనూ రిటైరయ్యాక ఇక్కడి చిన్న గ్రంథాలయానికి దానితోనే ఒకటి రాశాను. అందులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఉంది, చెబుతాను.

ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి కుర్రాడు వచ్చి, నోట్సులో శీర్షిక ఎలా ఉందో అలాగే, "ధవళేశ్వరం: ఆనకట్ట" అని టైపు చేశాడు. "ఫలితాలు లేవు" అని వచ్చింది. "1852లో కట్టిన ఆనకట్ట మీద ఒక్క పుస్తకమూ లేదా తాతగారూ?" అని నిట్టూర్చి వెళ్లిపోయాడు. కాటన్ దొర మీద పుస్తకాలు మూడు నా వెనక బీరువాలోనే ఉన్నాయి!

రాత్రి కూర్చుని చూశాను. ఎస్‌క్యూలైట్‌లో పదాలు వెతికే భాగం పేరు ఎఫ్‌టీఎస్5. దానికి ఆ రెండు చుక్కలు (:) ఆజ్ఞ కింద లెక్క. ముందున్న మాట కాలమ్ పేరు, అంటే పట్టికలో ఒక నిలువు వరుస పేరు, అనుకుంటుంది. "ధవళేశ్వరం అనే కాలమ్ లేదు" అని అది చెప్పనే చెప్పింది. ఆ ఎర్రర్‌ను మింగేసి ఖాళీ జాబితా చూపించింది నా ప్రోగ్రామే. అడిగింది అర్థం కాకపోతే ఆ మాటే చెప్పాలి గానీ, పుస్తకమే లేదని బుకాయిస్తే ఎలా?

మొదట చుక్కలు, బ్రాకెట్లు, మూయని కొటేషన్ గుర్తులు ఏరిపారేద్దామనుకున్నాను. కాలువలో గుర్రపుడెక్క తీసినట్టే అయింది, ఒకటి తీస్తే ఇంకొకటి తేలింది. పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఆర్, నాట్ అని రాసినా ఆజ్ఞలే మరి, వాటిని ఏ గుర్తుల జాబితాతో పడతారు?

చివరికి కుదిరింది ఇది. అడిగిన వాక్యాన్ని ఖాళీల దగ్గర విడదీయండి. మాటలో కొటేషన్ గుర్తు ఉంటే దాన్ని రెండు చేయండి. తర్వాత ఒక్కొక్క మాటను కొటేషన్లలో పెట్టండి: "ధవళేశ్వరం:" "ఆనకట్ట". ఇక చుక్కలకు అధికారం పోతుంది, రెండు మాటలూ ఉన్న పుస్తకాలు వస్తాయి. ఇలా చేశాం కదా అని ఆ వాక్యాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌ను అడిగే భాషలో రాసిన ఆజ్ఞలో, అతికించకండి. దాని చోట ప్రశ్నార్థకం పెట్టి, వాక్యాన్ని విలువగా విడిగా పంపండి.

అయితే అందరికీ ఇదే మందు వేయకండి. మా పాఠకురాలు ఒకావిడ "గోదావరి వరదలు" అని కొటేషన్లు కావాలనే పెడతారు, ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉండాలని. అందుకే ముందు రాసింది రాసినట్టే పంపి, ఎర్రర్ వస్తేనే ఈ పద్ధతికి దిగుతాను. దిగినప్పుడు "మీ గుర్తులను మామూలు మాటలుగా చూశాం" అని పైన ఒక ముక్క వేస్తాను. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కు మారితే ఈ తంటా తక్కువ: 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి వెబ్‌సెర్చ్_టు_టీఎస్‌క్వెరీ అనే ఫంక్షన్ ఉంది, ఏం రాసినా సింటాక్స్ ఎర్రర్ ఇవ్వదు.

మీది సిద్ధమయ్యాక లింకు పంపండి. నేను మొదట టైపు చేసేది ఒంటరి కొటేషన్ గుర్తు ఒక్కటే.

మీ తాతయ్య