పైన కొత్త సంవత్సరం, లోన పాత వ్యాసం: రిఫరెన్స్ పుస్తకాలపై అపోహలు - వాస్తవాలు

పబ్లిషర్ల కేటలాగులు వచ్చే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీ రిఫరెన్స్ విభాగంలో పనిచేసేవాళ్లకి ఒకటే పోరు. ఏ డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చినా "కొత్త ఎడిషన్ వచ్చిందట, తెప్పించండి" అనే మాటే. ఎవరు చెప్పారంటే కేటలాగ్‌లో ఉందంటారు. లోపల ఏం మారిందని అడిగితే అవతలివైపు జవాబుండదు. మళ్లీ మళ్లీ అదే మాట చెప్పి నోరు నొప్పెట్టింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. మొదటి అపోహకే ఎక్కువ చోటు పోతుంది. మన డబ్బు ఎక్కువగా పోయేదీ అక్కడే.

అపోహ: తాజా సంవత్సరం వేసి ఉంటే లోపలి విషయం కూడా తాజాదే.

వాస్తవం: కాదు. టైటిల్ పేజీ వెనక ఉన్న సంవత్సరాన్ని చూసి ఆ పుస్తకాన్ని ఎప్పుడు బయటికి తెచ్చారో ఊహించవచ్చు, అంతే. లోపలి వ్యాసం ఎప్పుడు రాశారో దాన్నిబట్టి తెలియదు. రెండింటికీ మధ్య ఒక్కోసారి పాతికేళ్ల తేడా ఉంటుంది.

ఊరూ పేరూ లేని ప్రచురణల గురించే ఈ మాట అంటున్నానని అనుకోకండి. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం సంగతే చూడండి. 14వ ఎడిషన్ 1929లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వాళ్లు నిరంతర సవరణ అనే పద్ధతి పెట్టుకున్నారు. మొత్తం తిరగరాయకుండా ఏటా కొన్ని వ్యాసాలు మార్చడం, మిగతావి అలాగే ఉంచడం, పైన ఆ ఏటి సంవత్సరం వేసి అచ్చు వేయడం. 1974లో 15వ ఎడిషన్ వచ్చేదాకా ఇదే నడిచింది. అప్పటి సెట్లలో 1911 నాటి 11వ ఎడిషన్ నుంచి, అంతకంటే పాతవాటి నుంచి మోసుకొచ్చిన వ్యాసాలను హార్వీ ఐన్‌బైండర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఏరి చూపించాడు. 1964లో దానిమీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. అంత పేరున్న సెట్‌కే ఆ మాట పడింది! పద్ధతిలో తప్పేమీ లేదు. లక్షల పదాల పుస్తకాన్ని ఏటా తిరగరాయడం ఎవరి తరమూ కాదు. పైన వేసిన సంవత్సరాన్ని చూసి కొనేవాళ్లు ఏమనుకుంటారన్నదే చిక్కు.

సంవత్సరం ఇంకో రకంగా కూడా తికమక పెడుతుంది. ఏడాది చివర్లో వచ్చే పుస్తకాలకు చాలామంది పబ్లిషర్లు తర్వాతి ఏడాది వేస్తారు. పరిశోధన పత్రాల్లో మూలాలు ఎలా చూపాలో చెప్పే, మన పరిశోధకులు రోజూ వాడే ఏపీఏ స్టైల్ మాన్యువల్ ఏడో ఎడిషన్ 2019 అక్టోబర్‌లో బయటికి వచ్చింది, కాపీరైట్ సంవత్సరం మాత్రం 2020. పెద్ద నష్టమేమీ లేదు గానీ, మనం అంతగా నమ్ముకునే అంకె అది!

"కొత్త ఐఎస్‌బీఎన్ ఉంది కదా, అయితే కొత్త పుస్తకమే" అనేది దీనికి తోబుట్టువు. ఐఎస్‌బీఎన్ ప్రచురణ రూపానికి ఇచ్చే నంబరు. గట్టి అట్టకి ఒకటి, పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఈ-బుక్‌కి ఇంకొకటి ఉంటాయి. పబ్లిషర్ మారితే మళ్లీ కొత్తది. లోపల ఒక్క అక్షరం మారకుండానే ఒక పుస్తకానికి నాలుగైదు ఐఎస్‌బీఎన్‌లు రావచ్చు. దాన్ని చూసి ఇండెంట్ (కొనమనే అభ్యర్థన) పెట్టేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

దీనికి పూర్తిగా ఎదురుగా జరిగిందీ ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ సంపర్కాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించాలని 1973 డిసెంబర్‌లో నిర్ణయించింది. ఆ మార్పు కొత్త ఎడిషన్ దాకా ఆగలేదు. ఆ జాబితా ఉండే పుస్తకం డీఎస్ఎం రెండో ఎడిషన్‌లోనే, 1974 నాటి ఏడో ముద్రణలో చేరిపోయింది. ఎడిషన్ నంబర్ అదే, లోపల విషయం వేరు. కాబట్టి ఎడిషన్, ముద్రణ అనే మాటలు చూసి కూడా పూర్తిగా నమ్మకండి. పుస్తకం తెరవాల్సిందే.

తెరిచి ఏం చూడాలి? నేను ముందు వ్యాసాల చివర ఉండే గ్రంథ సూచికి వెళ్తాను. నాలుగైదు సంపుటాల్లో ఎక్కడపడితే అక్కడ తెరిచి, అక్కడ ఉదహరించిన వాటిలో అన్నింటికన్నా కొత్తది ఏ ఏటిదో చూస్తాను. అట్ట మీద 2023 ఉండి, సూచి వరసగా 1990లలోనే ఆగిపోతుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. వ్యాసకర్తలు సూచిని మార్చకుండా వ్యాసం మార్చడం అరుదు. సూచిలో రెండు కొత్త పుస్తకాలు చేర్చి వ్యాసాన్ని ముట్టుకోకపోవడం మాత్రం మామూలే. ఆ ఎత్తు కూడా తెలుసుకుని ఉండాలి.

తర్వాత సబ్జెక్టుని బట్టి కొన్ని గుర్తులు. కెమిస్ట్రీ అయితే 113, 115, 117, 118 మూలకాలు. వాటి పేర్లు 2016 నవంబర్‌లో ఖరారయ్యాయి. 113 దగ్గర నిహోనియం అని కాకుండా ఇంకా తాత్కాలిక పేరే ఉంటే ఆ పేజీ అంతకుముందుది. ఫిజిక్స్‌లో కిలోగ్రాము నిర్వచనం చూడండి. 2019 మే 20 నుంచి అది ప్లాంక్ స్థిరాంకం మీద ఆధారపడుతోంది. ఇంకా ప్యారిస్ దగ్గరి లోహపు దిమ్మె గురించే చెబుతుంటే పుస్తకం పక్కన పెట్టేయొచ్చు. భూగోళం, రాజనీతి సెట్లలో దేశాల పేర్లు చూడండి: 2018లో స్వాజీలాండ్ ఎస్వతీనిగా, 2019లో మాసిడోనియా ఉత్తర మాసిడోనియాగా మారాయి. జీవిత చరిత్రల కోశంలో స్టీఫెన్ హాకింగ్‌కి మరణ సంవత్సరం 2018 ఉందా? పుష్పించే మొక్కల వర్గీకరణలో ఏపీజీ అనే పద్ధతి 2016 నాటి నాలుగో రూపం ప్రస్తావన ఉందా? మనస్తత్వ శాస్త్రంలో 2022 నాటి డీఎస్ఎం సవరణ సంగతి ఉందా? ఒక్కో సబ్జెక్టుకి ఇలాంటివి మూడు నాలుగు రాసి పెట్టుకుంటే చాలు. పది నిమిషాల పని.

ఒకసారి ఒక డీలర్ ప్రతినిధి ఖరీదైన సెట్ ఒకటి తెచ్చాడు. "పూర్తిగా సవరించిన ఎడిషన్ మేడమ్" అని మా చీఫ్ ముందు గట్టిగానే చెప్పాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు సంతకాలు కూడా పెట్టేసి ఉన్నారు. మేం పాత ఎడిషన్ స్టాక్ నుంచి తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాం. వ్యాసాలు మక్కీకి మక్కీ. మారినవల్లా అట్ట, ముందుమాట, కొన్ని రంగుల బొమ్మలు. సలహా మండలిలో ఉన్నవాళ్లలో ఒకాయన అప్పటికే చనిపోయారు. పాపం, ఆ ప్రతినిధికీ ఈ సంగతి తెలియదు. కంపెనీ ఇచ్చిన కరపత్రంలో ఉన్నది చదివాడంతే. అప్పటి నుంచి ఎవరు వచ్చినా మా దగ్గర ఒకే ప్రశ్న: కొత్త వ్యాసాలు ఎన్ని, సవరించినవి ఎన్ని, యథాతథంగా ఉంచినవి ఎన్ని? కాగితం మీద రాసివ్వాలి. మంచి పబ్లిషర్లు అడక్కుండానే చెబుతారు. సీఆర్‌సీ హ్యాండ్‌బుక్ ఆఫ్ కెమిస్ట్రీ అండ్ ఫిజిక్స్ ఏటా కొత్త ఎడిషన్ వేస్తుంది, వందోది 2019లో వచ్చింది. ఏ పట్టికలు కొత్తవో, ఏవి సవరించారో ముందు పేజీల్లోనే ఇస్తారు. అది చదివితే ఈ ఏడుది కొనాలా, ఒక ఏడు ఆగవచ్చా అన్నది మనకే తేలుతుంది. స్టాండింగ్ ఆర్డర్ (ప్రతి ఎడిషన్ దానంతటదే వచ్చేసే ఆర్డర్) పెట్టేసి కళ్లు మూసుకోవడం కంటే అది నయం.

ఇంకో రకం సరుకు కూడా తిరుగుతోంది. పెద్ద విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసాలనే సబ్జెక్టు వారీగా విడదీసి, కొత్త పేరుతో చిన్న సెట్లుగా అమ్ముతారు. "ఈ వ్యాసాలు తొలుత ఫలానా చోట ప్రచురితం" అనే వాక్యం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద సెట్ మన దగ్గర ఉంటే చిన్నది ఎందుకు? కొందరైతే వికీపీడియా వ్యాసాలనే పుస్తకంగా అచ్చు వేసి అమ్ముతున్నారు. మూలాన్ని పేర్కొని, అదే లైసెన్స్ కొనసాగిస్తే అమ్ముకోవడానికి ఆ లైసెన్స్ ఒప్పుకుంటుంది కాబట్టి తప్పు పట్టలేం. ఊరికే దొరికేదానికి లైబ్రరీ బడ్జెట్ పెట్టడం మాత్రం తప్పే.

డబ్బు ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్ పట్టుకుని కంగారుగా వచ్చింది. కొత్త సంవత్సరం ఉన్న ఒక రిఫరెన్స్ సెట్ నుంచి గణాంకాలు తీసుకుని, ఆ సంవత్సరమే వేసి ఉదహరించింది. అవి ఇరవై ఏళ్ల కిందటి లెక్కలని పరీక్షకులు రాశారు. తను అబద్ధం రాసిందని అనుకుంటారేమోనని ఆ అమ్మాయి టెన్షన్. "నీ తప్పేం లేదమ్మా, అట్ట మీద ఉన్నదే రాశావు" అని కూర్చోబెట్టి, పాత ఎడిషన్‌లో అదే పేరా వెతికి చూపించాం. మొదటి ప్రచురణ సంవత్సరం, ఇప్పటి ప్రచురణ సంవత్సరం రెండూ ఇచ్చే పద్ధతి మూలాలు ఉదహరించే శైలుల్లో ఉంది, అలా సరిచేసింది. లెక్కలు మాత్రం నేరుగా గణాంక శాఖ ప్రచురణ నుంచి మళ్లీ తీసుకుంది. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు మొహమాటపడకుండా రిఫరెన్స్ డెస్క్‌కి రండి. ఎవరూ నవ్వరు.

అపోహ: ఆన్‌లైన్ రిఫరెన్స్ అయితే ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయిపోతుంది.

వాస్తవం: కొంత అవుతుంది, మొత్తం కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మూడో ఎడిషన్ సవరణ 2000 మార్చి నుంచి ఆన్‌లైన్‌లో విడతలుగా వస్తోంది. ఎం అక్షరంతో మొదలుపెట్టారు. ఇంకా సవరించని ఎంట్రీలూ అదే తెరమీద, అదే అందంతో కనిపిస్తాయి. తేదీ ఆ ఎంట్రీ దగ్గరే ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ప్రతి వ్యాసం నెత్తిన మొదట ఎప్పుడు వేశారో, చివరగా ఎప్పుడు గట్టిగా సవరించారో రాస్తుంది. మూడు నెలలకొకసారి మొత్తాన్ని భద్రపరిచి మార్పు లేని లింకు కూడా ఇస్తుంది. థీసిస్‌లో ఇవ్వాల్సింది ఆ లింకు. అన్నట్టు, అది ఉచితం. ఉచితం అంటే నాసిరకం అనుకునేవాళ్లకి ఇంతకంటే చెప్పను.

అపోహ: ఒకసారి డబ్బు కట్టాం, ఇక మనదే.

వాస్తవం: ఒప్పందం చదవండి. చందా అయితే ఆపిన రోజున తలుపు మూసుకుంటుంది. శాశ్వత హక్కుతో కొన్నా ఏటా ప్లాట్‌ఫామ్ రుసుము అడగవచ్చు, తర్వాతి ఎడిషన్ అందులో ఉండకపోవచ్చు. ఒకేసారి ఎంతమంది చూడొచ్చు అన్నది ఇంకో మెలిక. పరీక్షల ముందు "లిమిట్ దాటింది" అని వస్తే తిట్లు మనకే.

అపోహ: కొత్తది వచ్చింది కాబట్టి పాతది తీసేయాలి.

వాస్తవం: మందుల మోతాదులు, చట్టాలు అయితే అరల్లోంచి తీసేయండి, దాని మీద వాదనే వద్దు. చరిత్ర, సాహిత్యం, వైద్య చరిత్ర చదివేవాళ్లకి పాత ఎడిషనే మూలాధారం. పైన చెప్పిన డీఎస్ఎం పాత ముద్రణ లేకపోతే ఆ మార్పు ఎలా జరిగిందో ఎవరు చూపిస్తారు? కొన్ని ప్రచురణలు ఉన్నట్టుండి చేతులు మారతాయి కూడా. 1878 నుంచి అమెరికా ప్రభుత్వం వేస్తూ వచ్చిన గణాంకాల సంకలనం స్టాటిస్టికల్ అబ్‌స్ట్రాక్ట్ 2012 సంచికతో ఆగింది, ఆ తర్వాత ప్రైవేటు సంస్థ వేస్తోంది. పాత సంపుటాలు పారేసినవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటున్నారు.

అపోహ: ఏ రిఫరెన్స్ పుస్తకం మంచిదో చెప్పే ఒక్క జాబితా ఉంటే చాలు.

వాస్తవం: ఉండేది. 1902లో ఆలిస్ క్రోగర్ మొదలుపెట్టిన గైడ్‌ని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ శతాబ్దం పైగా నడిపింది, చివరికి ఆన్‌లైన్‌లోకి తెచ్చింది, 2016లో మూసేసింది. ఇప్పుడు 1964 నుంచి వస్తున్న చాయిస్ పత్రిక, 1970లో మొదలైన ఏఆర్‌బీఏ (అమెరికన్ రిఫరెన్స్ బుక్స్ యాన్యువల్) లాంటి చోట్ల సమీక్షలు దొరుకుతాయి. సమీక్ష రాసినవాళ్లు ఇరవై సంపుటాలూ చదివారని మాత్రం అనుకోకండి.

అపోహ: ఏఐని అడిగితే సరిపోతుంది, రిఫరెన్స్ పుస్తకాలు ఎందుకు?

వాస్తవం: చాట్‌బాట్ ఇచ్చిన జాబితా పట్టుకుని లేని పుస్తకం కోసం వచ్చేవాళ్లని అడగండి. రచయిత నిజం, పబ్లిషర్ నిజం, పుస్తకమే లేదు. కేటలాగ్‌లో దొరకలేదని తమనే తప్పుపట్టుకుంటున్నారు, పాపం.

చివరగా లైబ్రేరియన్ల మధ్యే తిరిగే ఒక భయం: బడ్జెట్ మిగిలితే వచ్చే ఏడు కోసేస్తారు, అందుకని ఏడాది చివర్లో దొరికిన సెట్ కొనేయాలి. కోస్తారేమో, కాదనను. ఆ భయంతో కొన్న సెట్ల మీద దుమ్ము నేనూ దులిపాను. అలా మిగిలితే, వాడకం లెక్కల్లో పరిమితి దాటినట్టు పదేపదే కనబడుతున్న ఆన్‌లైన్ టైటిల్‌కి అదనపు యూజర్లు కొనండి. కొత్తదే కావాలంటే ముందు ట్రయల్ అడగండి. ట్రయల్ తెరిచాక హోమ్ పేజీ అందం చూస్తూ కూర్చోకుండా 113వ మూలకం దగ్గరికో, హాకింగ్ దగ్గరికో వెళ్లి చూడండి. ట్రయల్ ఇవ్వనంటే కనీసం ఒక్క సంపుటం పంపమనండి. అదీ కుదరదంటే ఆ ఇండెంట్ వెనక్కి పంపేయండి.