ఫాంటసీ బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్ ఆర్డర్: అపోహలు - వాస్తవాలు

ఫాంటసీ బాస్కెట్‌బాల్ అంటే నిజం ఆటగాళ్లతో ఊహా టీములు కట్టుకుని, మ్యాచుల్లో వాళ్లు సాధించే అంకెలతో పోటీపడే ఆట. ఆ ఆటగాళ్లని వంతుల వారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్. సీజన్‌కి నెల రోజుల ముందు నుంచే మా లీగ్‌లో అందరి నోటా ఒకటే మాట: "ఈసారి ఫస్ట్ పిక్ ఎవరికి?" పన్నెండు టీముల లీగ్‌కి కొన్నేళ్లుగా కమిషనర్‌గా, అంటే నిర్వాహకుడిగా ఉంటున్నాను. ట్రేడ్‌ల మీద వచ్చిన గొడవలకన్నా డ్రాఫ్ట్ ఆర్డర్ మీద వచ్చినవే ఎక్కువ సర్దాను. వాటిలో పదే పదే వినబడేవి కొన్ని.

అపోహ: స్నేక్ డ్రాఫ్ట్‌లో రౌండ్ రౌండ్‌కీ వరస తిరగబడుతుంది కాబట్టి ఎవరికి ఏ స్థానం వచ్చినా ఒకటే.

లెక్క చూస్తే నిజమే అనిపిస్తుంది. మొదటి స్థానానికి 1, 24 పిక్‌లు. పన్నెండో స్థానానికి 12, 13. ఎటు కూడినా 25. కానీ ఆటగాళ్ల విలువ మెట్టుకి ఇంత చొప్పున సమానంగా దిగదు. పైన నిటారుగా పడిపోయి, కిందికొచ్చేకొద్దీ చదునవుతుంది. 2024-25లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డెన్వర్ టీము సెంటర్ నికోలా యోకిచ్ మ్యాచ్‌కి సగటు 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. మామూలుగా బుట్ట దగ్గర ఆడే సెంటర్ పది అసిస్టులు ఇస్తుంటే ఆ లోటు పన్నెండో పిక్‌తో పూడదు. అదే 13వ పిక్‌కీ 24వ పిక్‌కీ మధ్య తేడా అంటారా, చాలాసార్లు అది ఎవరి అభిప్రాయం వాళ్లది. ఒక్క ఆటగాడు మిగతావాళ్లకి అందనంత ఎత్తులో ఉన్న ఏడాది మొదటి స్థానం ముమ్మాటికీ లాభమే.

దీనికి మంచి విరుగుడు ఉంది, మూడో రౌండ్‌ని తిప్పేయడం. రెండో రౌండ్‌లాగే మూడోది కూడా పన్నెండో స్థానం నుంచే మొదలుపెట్టి, నాలుగు నుంచి మళ్లీ మామూలు స్నేక్‌లోకి వెళ్లాలి. అప్పుడు మొదటి స్థానం వాళ్లకి మూడో ఆటగాడు 25లో కాకుండా 36లో వస్తాడు. చివరి స్థానం వాళ్లకి 12, 13, 25 దక్కుతాయి. మా లీగ్‌లో ఇది పెట్టాక పన్నెండో స్థానం వచ్చినవాళ్లు మొహం మాడ్చుకోవడం తగ్గింది.

ఇంకో సంగతి, ఎదురుచూపు. మామూలు స్నేక్‌లో రెండు చివర్లలో ఉన్నవాళ్లు జంటగా ఇద్దర్ని తీసుకున్నాక 22 పిక్‌లు చూస్తూ కూర్చోవాలి. ఆ మధ్యలో పాయింట్ గార్డ్‌ల (బంతిని నడిపించేవాళ్ల) మీద అందరూ ఒక్కసారిగా ఎగబడితే చేసేదేమీ ఉండదు. ఆరో స్థానం వాళ్లకి 6, 19, 30. గట్టిగా పన్నెండు పిక్‌లు దాటకుండానే మళ్లీ వంతు వస్తుంది.

అపోహ: నిరుడు ఆఖరున నిలిచినవాళ్లకే ఫస్ట్ పిక్ ఇవ్వాలి. ఎన్‌బీఏలోనూ అంతే కదా.

ఎన్‌బీఏలో అలా లేదు. కొత్త ఆటగాళ్లని ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చడానికి 1985లో మొదటి లాటరీ పెట్టినప్పుడు ప్లేఆఫ్స్‌కి రాని ఏడు టీములకీ సమానావకాశం ఇచ్చారు. అందరికన్నా తక్కువ గెలుపులున్న టీముల్లో ఒకటైన గోల్డెన్ స్టేట్ ఏడో పిక్‌కి జారింది, న్యూయార్క్ నిక్స్‌కి ఫస్ట్ పిక్ వచ్చి, ఆ ఏడాది అందరూ కోరుకున్న పాట్రిక్ యూయింగ్ దక్కాడు. తర్వాత బలహీన టీములకి ఎక్కువ అవకాశం ఇస్తూ మార్చారు. చివరి టీముకి 25 శాతం దాకా ఉన్న అవకాశాన్ని 2019లో తగ్గించి, అట్టడుగు మూడు టీములకీ తలో 14 శాతం చేశారు. 2025లో 1.8 శాతం అవకాశమే ఉన్న డాలస్‌కి ఫస్ట్ పిక్ వచ్చి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంది.

అసలు ఏటా అందరి టీములూ ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టే లీగ్‌లో నిరుటి స్థానానికి అర్థమే లేదు. ఓడినవాడి టీము ఈసారి బలహీనంగా ఏమీ లేదు, అసలు టీమే లేదు. ఆ ప్రశ్న కొందరు ఆటగాళ్లని మరుసటి ఏడాదికి అట్టేపెట్టుకునే కీపర్ లీగ్‌లది, దాదాపు టీమంతా అట్టేపెట్టుకునే డైనాస్టీ లీగ్‌లదే.

మా కీపర్ లీగ్‌లో ఒక ఏడాది ఆఖరి మూడు వారాల్లో రెండు టీముల వాళ్లు ఫస్ట్ పిక్ కోసం కావాలని ఓడిపోవడానికి, దెబ్బలేమీ లేని ఆటగాళ్లని బెంచీ మీదే వదిలేశారు. నష్టపోయింది వాళ్లు కాదు, ప్లేఆఫ్ బెర్తు కోసం పోరాడుతున్న మరో టీము. ఆ టీము ఆ ఇద్దరినీ అంతకుముందు, వాళ్లు పూర్తి బలంతో ఉన్నప్పుడే ఎదుర్కొంది. దాని పోటీదారుకేమో ఆఖర్లో రెండు గెలుపులు ఊరికే దొరికాయి. ఆ సీజన్ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ఆఖరివాళ్లకే ఫస్ట్ పిక్ అంటూ అలా చేయమని మా నియమమే చెప్పింది. మరుసటి ఏడాది నుంచి ప్లేఆఫ్స్‌కి రాని ఆరు టీములకీ చీటీలు పెట్టాం. ఆఖరి టీముకి ఆరు, ఆ పైదానికి ఐదు, అలా ఒకటి దాకా, మొత్తం 21. చివర నిలిచినా ఫస్ట్ పిక్ వచ్చే అవకాశం 29 శాతం లోపే. కావాలని ఓడటానికి అది చాలదు.

కొన్ని లీగ్‌లలో ఆ ఆరు టీముల మధ్యే పోటీ పెట్టి గెలిచినవాళ్లకి ఫస్ట్ పిక్ ఇస్తారు. ఆఖరి వారం దాకా అందరూ ఆడతారు, నిజమే. కానీ నిజంగా బలహీనమైన టీము బాగుపడే దారి మూసుకుపోతుంది. నాకు చీటీలే నచ్చాయి.

అపోహ: డ్రాఫ్ట్ వరసని కంప్యూటరే కలిపింది కాబట్టి అనుమానానికి తావు లేదు.

పన్నెండు టీములని 47,90,01,600 రకాలుగా వరసపెట్టొచ్చు. వాటిలో ఒకదాన్ని ఎంచడంలో యంత్రం పక్షపాతం చూపదు. అనుమానం బటన్ నొక్కే చేతి మీద. ఎవరూ చూడకుండా నొక్కి, నచ్చకపోతే ఇంకోసారి నొక్కే వీలున్నవాడికి ఫస్ట్ పిక్ అవకాశం 8 శాతం నుంచి 16 శాతానికి పెరుగుతుంది. అందుకే సమయం ముందే చెప్పి, అందరూ స్క్రీన్ చూస్తుండగా, ఒక్కసారే తీయాలి. మా దగ్గర బటన్ నేను ముట్టుకోను, నిరుటి విజేత నొక్కుతారు. ఎన్‌బీఏ వాళ్లు కూడా లాటరీలో 14 బంతుల్లోంచి నాలుగు తీసేటప్పుడు టీముల ప్రతినిధులని గదిలో కూర్చోబెట్టుకునే తీస్తారు.

అపోహ: లాటరీలో మొదట పేరు వచ్చినవాళ్లు ఫస్ట్ పిక్కే తీసుకోవాలి.

అక్కర్లేదు. పేరు వచ్చిన వరసలో ఎవరికి కావలసిన స్థానాన్ని వాళ్లు ఎంచుకునే పద్ధతి కూడా ఉంది. జంట పిక్‌లు ఇష్టపడేవాళ్లు పన్నెండో స్థానం హాయిగా తీసుకుంటారు.

అపోహ: వేలం పెడితే ఆర్డర్ గొడవే ఉండదు.

గొడవ చాలామటుకు పోతుంది, ఆర్డర్ పోదు. సాధారణంగా అందరికీ 200 డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్ ఇస్తారు, ఎవరైనా ఎవరికోసమైనా పాడొచ్చు. కానీ వేలానికి ఏ పేరు ఎప్పుడు పెట్టాలన్నది వంతుల వారీగానే నడుస్తుంది. నా వంతు తొందరగా వస్తే, నాకు అక్కర్లేని ఖరీదైన ఆటగాడి పేరే ముందు చెబుతాను. నాకు కావలసినవాడు వేలానికి వచ్చేసరికి అవతలివాళ్ల జేబులు కొంచెం తేలికపడి ఉంటాయి.