దొడ్డి వాకిలి గడియ

అనంతపురం

పాపా, చిన్నోడా,

మొన్న ఫోన్లో చెప్తిరి కదా, మీ ఫ్రెండు వాళ్ల నాయన షాపు సైటు గూగుల్లో వెతికి నొక్కితే ఏదో పేకాట సైటుకి పోతాందని, అడ్రస్ టైప్ చేసి తెరిస్తే మాత్రం బాగానే ఉంటాందని, అందుకే ఆయన నమ్మట్లేదని. ఆయన తప్పేం లేదు, గూగుల్ నుంచి వచ్చినోళ్లనే మళ్లించేట్టు రాస్తారు ఆ కోడ్, ఓనర్లు నేరుగా తెరుస్తారు కాబట్టి వాళ్లకి చానా రోజులు తెలీదు.

ఆ మళ్లింపు తీసేసి పని అయిపోయిందనుకోవద్దండి. ఆ కోడ్ పెట్టిన హ్యాకర్ మొదట దూరిన సందు ఒకటుంటుంది, మళ్లీ రావడానికి పెట్టుకున్న దారి ఇంకోటుంటుంది, ఈ రెండోదే బ్యాక్‌డోర్. మన పాతిళ్లకి దొడ్డి వాకిలి ఉండేది కదా, దాని గడియ లోపల్నించి తీసిపెట్టి పోయినట్టు, ఇంక ముందర ఎంత తాళమేసినా ఏం లాభం?

నాలుగేళ్ల కింద నేను చూసుకునే శెనక్కాయ విత్తనాల షాపు సైటుకి ఇదే అయింది. అప్‌లోడ్స్ ఫోల్డర్లో మూటల ఫొటోల మధ్య ఒక పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్ నడిపే ప్రోగ్రామ్, ఫొటోలుండే చోట దానికేం పని? తేదీ చూస్తే పక్క ఫొటోల తేదీనే, ఎందుకంటే టచ్ కమాండ్‌తో మార్పు తేదీ ఏదైనా పెట్టొచ్చు (సీటైమ్ అని, ఫైలు వివరాలు మారినప్పుడు సిస్టమే రాసుకునే టైము ఇంకోటుంటుంది, దాన్ని అంత సులువుగా మార్చలేరు, ఫైండ్ కమాండ్‌తో వెతికేటప్పుడు అదే చూడండి). తెరిస్తే లోపల ఒక్కటే లైను. బయట్నుంచి పోస్ట్‌లో (సైటుకి డేటా పంపే పద్ధతి) వచ్చినదాన్ని బేస్64 అనే అక్షరాల రూపం నుంచి విప్పి, ఏదిచ్చినా కోడ్‌గా నడిపే ఎవాల్‌కి ఇస్తాంది, అంతే. అంటే వాడు ఏం పంపితే సర్వర్ అది నడిపేస్తుంది, కొత్త ఫైల్ రాస్తుంది, డేటాబేస్ పాస్‌వర్డ్ చదివి చేతిలో పెడుతుంది.

డిలీట్ చేసి నిమ్మళంగా పండుకున్నా. మూడో రోజు పొద్దున అదే ఫైలు మళ్లీ అక్కడే. చేన్లో తుంగ పైన పీకితే గడ్డ కింద ఉండిపోయినట్టు, చెప్పిన టైముకి పనులు తనే నడిపే క్రాన్‌లో ఒక లైను దాన్ని మళ్లీ మళ్లీ రాస్తాంది. ఎవరికీ తెలీని అడ్మిన్ యూజర్ ఒకడు, డబ్బులు పెట్టకుండా ఎక్కడ్నుంచో దింపిన థీమ్‌లో (సైటుకి రూపు ఇచ్చే ఫైల్స్) ఇంకో ఫైలు కూడా దొరికినాయి. ఆ థీమే దూరిన సందు.

మీరు చేయాల్సింది ముందు సైటు ఆపి, ఫైల్స్, డేటాబేస్, లాగ్స్ (ఎవరు ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టా) అన్నీ కాపీ తీసి పెట్టుకోవడం, తొందరపడి చెరిపితే ఎట్లా వచ్చినాడో చెప్పే సాక్ష్యం పోతుంది. ఆ షాపు సైటు వర్డ్‌ప్రెస్‌తో కట్టింది కాబట్టి, దాని కమాండ్ల పనిముట్టు డబ్ల్యూపీ సీఎల్ఐలో వెరిఫై చెక్‌సమ్స్ నడిపితే కోర్ ఫైల్స్‌లో, అంటే వర్డ్‌ప్రెస్ సొంత ఫైల్స్‌లో ఏది మారిందో చెప్తుంది, ఐనా కోర్, ప్లగిన్లు, థీమ్ అన్నీ అసలు చోటునుంచి కొత్తగా దింపి వేయండి, పాత ఫైల్‌ని బాగుచేస్తూ కూర్చోవద్దు. యూజర్లు, క్రాన్, సర్వర్‌కి నియమాలు చెప్పే హెచ్‌టీయాక్సెస్ ఫైలు, డేటాబేస్‌లో చేరిన స్క్రిప్టులు చూడండి. పాస్‌వర్డ్‌లన్నీ మార్చి కాన్ఫిగ్ ఫైల్లో సాల్ట్‌లు (లాగిన్ కుకీలకి వాడే రహస్య అక్షరాలు) కూడా మార్చండి, అప్పుడు దొంగిలించిన లాగిన్ కుకీలు పనికిరావు. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపేయండి. పాత బ్యాకప్ పెట్టేస్తే పోలా అంటారేమో, అందులో కూడా ఇది ఉండొచ్చు. రూట్ దాకా, అంటే సర్వర్ మొత్తం మీద అధికారం దాకా పోయినాడని అనుమానమొస్తే కడగడం వద్దు, సర్వర్ మొత్తం కొత్తగా వేయాల్సిందే.

2024 మార్చిలో లినక్స్‌లో ఫైల్స్ కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాచిన బ్యాక్‌డోర్‌ని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుకున్నాడు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి పోయే దారి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని ఆయనకి అనుమానమొచ్చింది. అర సెకను! మీరూ అట్లా చూడాలని నా ఆశ.

అన్నీ అయినాక వారం రోజులు యాక్సెస్ లాగ్ చూడండి. వాడు ఆ పాత ఫైల్ కోసం మళ్లీ పోస్ట్ కొడతాడు, నా దాంట్లో రాత్రి 2:40కి వచ్చేది. దానికి 200 (ఫైలు ఇంకా ఉందని) వస్తాందా 404 (లేదని) వస్తాందా చూసి నాకు రాయండి.

మీ పెద్దనాయన