డిస్కు లేని కంప్యూటర్ ఎలా మొదలవుతుంది?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

హార్డ్ డిస్కు లేని కంప్యూటర్‌లోకి లినక్స్ (కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కడి నుంచి వస్తుందని మొన్న ఫోనులో అడిగారు. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. నెట్‌వర్క్ నుంచి వస్తుందని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కానీ అసలు చిక్కు అంతకు ముందే ఉంది. నెట్‌వర్క్‌లో ఎవరినైనా ఏదైనా అడగాలంటే మనకో చిరునామా ఉండాలి. అప్పుడే మొదలైన కంప్యూటర్‌కు అదే లేదు. మరి చిరునామా ఇమ్మని ఎలా అడుగుతుంది?

దాని దగ్గర ఉన్నదల్లా నెట్‌వర్క్ కార్డుకు గుర్తింపు కోసం తయారీలోనే ఇచ్చిన 48 బిట్ల మ్యాక్ సంఖ్య. అందుకని పంపేవారి చిరునామా స్థానంలో 0.0.0.0 (ఇంకా చిరునామా లేదు) అని, అందుకునేవారి స్థానంలో 255.255.255.255 (అందరికీ) అని పెట్టి, మ్యాక్ సంఖ్యను జతచేసి ఒక కేక వేస్తుంది. ఆ నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటికీ అది చేరుతుంది. 67వ పోర్టు (ఈ పనికి కేటాయించిన ద్వారం సంఖ్య) దగ్గర కనిపెట్టుకుని ఉన్న, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ మాత్రమే పలుకుతుంది: "నీకు 192.168.1.25 ఇవ్వగలను." కంప్యూటర్ వెంటనే దాన్ని వాడేసుకోదు. "ఫలానా సర్వర్ చెప్పిన చిరునామా నాకు కావాలి" అని మళ్లీ అందరికీ వినిపించేలా అంటుంది. ఎందుకంటే ఒకటికి మించి సర్వర్లు ఉంటే అన్నీ ఇస్తామనవచ్చు. తమది అక్కర్లేదని తెలిస్తేనే మిగిలినవి ఆ చిరునామాలను ఇంకొకరికి ఇవ్వగలవు. చివరికి సర్వర్ ఖాయం చేస్తుంది. అదీ గడువు పెట్టి. సగం గడువు గడిచేసరికి పొడిగించమని అడగాల్సిన బాధ్యత కంప్యూటర్‌దే.

ఈ పద్ధతి ఒక్కసారిగా రాలేదు. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ రూపొందించిన బూట్‌పీ అనే పద్ధతి చిరునామాతో పాటు, ఏ సర్వర్ నుంచి ఏ ఫైలు తెచ్చుకోవాలో కూడా చెప్పేది. 1993లో వచ్చిన డీహెచ్‌సీపీ దాని మీదే కట్టినది. నెట్‌వర్క్ నుంచే కంప్యూటర్ మొదలయ్యేలా ఇంటెల్ తెచ్చిన పీఎక్స్ఈ అనే ఏర్పాటు ఈ పనినంతా నెట్‌వర్క్ కార్డులోని చిన్న ప్రోగ్రామ్‌కు అప్పగించింది.

ఇక ఫైలు తెచ్చుకోవడం. దానికి వాడే టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతిని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చిన్న చిప్‌లో ఇమిడిపోయేలా దాన్ని అంత సరళంగా చేశారు. పాస్‌వర్డ్ లేదు, ఫైళ్ల జాబితా చూపడం లేదు. సర్వర్ 512 బైట్ల ముక్క పంపుతుంది, అందిందని కంప్యూటర్ చెబితేనే తర్వాతి ముక్క. 512 కంటే చిన్న ముక్క వస్తే ఫైలు అయిపోయినట్టు. మరి ఫైలు సరిగ్గా 1024 బైట్లు ఉంటే? రెండు నిండు ముక్కల తర్వాత ఒక ఖాళీ ముక్క పంపుతారు! ఇలా వచ్చిన చిన్న బూట్ ప్రోగ్రామ్ తర్వాత లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్‌ను తెప్పిస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. జవాబిచ్చింది ఎవరైనా కంప్యూటర్ నమ్మేస్తుంది. అందుకే బడి ల్యాబ్‌లో అయ్యవారిని అడగకుండా ఇంటి రూటర్ తెచ్చి తగిలించకండి. అదీ చిరునామాలు పంచడం మొదలుపెడితే ల్యాబ్ అంతా గందరగోళమవుతుంది.

ఈసారి ఇంటర్నెట్ రాకపోతే విండోస్‌లో చిరునామా చూడండి. అది 169.254తో మొదలైతే, ఎంత పిలిచినా ఏ సర్వరూ పలకక తనంతట తానే ఒకటి పెట్టుకుందన్నమాట. ముందు కేబుల్ సరిగా ఉందేమో చూడండి, ఆ తర్వాత రూటర్ సంగతి.

మీ తాతయ్య